అనంతపురంలో మిద్దె మీది ఇల్లు: భోగ్యానికి ఇవ్వాలా, బాడుగకు ఇవ్వాలా?

నార్పల రోడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అనంతపురంలో రుద్రంపేట వైపు మాకు ఇల్లుంది. కింద మేముంటాం. వెనకవైపు చిన్న పోర్షన్‌లో ఒక బాడుగదారు ఉన్నారు. మిద్దె మీద రెండు బెడ్‌రూముల ఇల్లు కొత్తగా కట్టించాం, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మా వీధిలో అలాంటి ఇంటికి నెలకు 9,000 బాడుగ పలుకుతోంది.

పై ఇల్లు పూర్తి చేయడానికి బయట 4 లక్షలు నోటు రాసి తెచ్చాను, వందకు రెండు రూపాయల వడ్డీ. కింది ఇంటి మీద బ్యాంకు హోం లోను ఇంకా 7 లక్షలు ఉంది. అసలు దస్తావేజులు బ్యాంకు దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు రిటైరైన దంపతులు పై ఇంటికి అడుగుతున్నారు. 5 లక్షలు ఇస్తాం, మూడేళ్లకు భోగ్యానికి ఇవ్వండి అంటున్నారు. నెల బాడుగ ఉండదు, వాళ్లు ఖాళీ చేసే రోజు 5 లక్షలూ తిరిగి ఇచ్చేయాలి. బయటి అప్పు తీరిపోయి లక్ష చేతిలో ఉంటుంది కదా అని ఇంట్లో అందరికీ ఇష్టమే. లెక్కలో ఇది నిజంగా లాభమేనా అన్నది నా మొదటి సందేహం. రెండోది, బ్యాంకు లోను సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పి తీరాలా? వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే చాలని తెలిసినవాళ్లు అంటున్నారు, అది సరిపోతుందా?

కరెంటు గురించి కూడా ఒక మాట. మూడు ఇళ్లకూ మీటరు ఒక్కటే. వెనక పోర్షన్‌కు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు 9 రూపాయలు తీసుకుంటున్నా. పై ఇంటికీ అలాగే పెట్టొచ్చా?

కర్నూలు లెక్కలు

అన్నా, భోగ్యం అంటే మీరు చేస్తున్న అప్పు. బాడుగ రాదు కాబట్టి వడ్డీ కట్టడం లేదనిపిస్తుంది కానీ, ఆ రాని బాడుగే మీరు కట్టే వడ్డీ. దాన్ని మనకు అలవాటైన రూపాయల వడ్డీలోకి మార్చి చూడండి.

నెలకు 9,000 వదులుకుని 5 లక్షలు తెచ్చుకుంటున్నారు. 5 లక్షలకు నెలకు 9,000 అంటే వందకు రూపాయి ఎనభై పైసలు. ఏడాదికి 21.6 శాతం. బాడుగకు ఇస్తే ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుందనుకుని 11 నెలలే లెక్కేసినా 99,000 అవుతుంది, అంటే రూపాయి అరవై ఐదు పైసలు. ఇప్పుడు మీ మెడ మీద ఉన్నది రెండు రూపాయల అప్పు. రెండు రూపాయల అప్పు తీర్చడానికి రూపాయి ఎనభై పైసల అప్పు తెస్తున్నారు. ఇరవై పైసలు మిగిలినట్టు కనిపిస్తుంది కానీ అసలు 4 లక్షల నుంచి 5 లక్షలకు పెరిగింది. నెలకు 8,000 వడ్డీ మానుకుని 9,000 బాడుగ పోగొట్టుకుంటున్నారు, చేతికి వచ్చేది ఒక లక్ష. ఆ లక్ష ఖర్చయిపోతే మూడేళ్ల తర్వాత మీ బాకీ ఇప్పటికన్నా లక్ష ఎక్కువ.

మూడేళ్ల తర్వాత ఆ 5 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారో ఈ రోజే కాగితం మీద రాయండి. ఆరున్నర శాతం వడ్డీ వచ్చే ఆర్‌డీ కట్టుకుంటూ పోతే నెలకు దాదాపు 12,600 పక్కన పెట్టాలి. అంత పెట్టగలిగితే భోగ్యం తీసుకున్నా నష్టమేమీ లేదు. పెట్టలేకపోతే దారి ఒకటే, ఇంకొకరికి భోగ్యానికిచ్చి ఆ డబ్బు వీళ్లకు కట్టడం. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఇదే. పాతవాళ్లు వెళ్లాలంటే కొత్తవాళ్లు రావాలి. కొత్తవాళ్లు 4 లక్షలకు మించి ఇవ్వలేమంటే లక్ష మీ జేబులోంచి పోవాలి. ఎవరూ రాకపోతే పాతవాళ్లు ఊరు మారాల్సి వచ్చినా మీ ఇంట్లోనే చిక్కుకుపోతారు, మీకా బాడుగ రాదు.

మీకున్న మంచి దారి వేరే. ఇప్పటికే హోం లోను ఉంది కాబట్టి అదే బ్యాంకులో టాపప్ లోను, అంటే ఉన్న లోను మీదే అదనపు అప్పు, అడగండి. 4 లక్షలు 10 శాతానికి ఐదేళ్లకు వస్తే నెల కిస్తు దాదాపు 8,500. పై ఇల్లు 9,000కు బాడుగకు ఇవ్వండి. ఇప్పుడు నెలకు 8,000 వడ్డీకే పోతోంది, అసలులో ఒక్క రూపాయి తగ్గడం లేదు. ఇంకో 500 కలిపితే ఐదేళ్లలో ఆ అప్పే ఉండదు. వడ్డీలు బ్యాంకును బట్టి అటూ ఇటూ ఉంటాయి, మీ కిస్తు వాళ్లనే వేయించుకోండి. ఒకటి గుర్తుపెట్టుకోండి, పై అంతస్తుకు మున్సిపల్ ప్లాన్ అనుమతి ఉంటేనే మామూలుగా బ్యాంకు దాని విలువను లెక్కలోకి తీసుకుంటుంది. ఆ కాగితం ముందే చేతిలో పెట్టుకుని వెళ్లండి. టాపప్ రాకపోతే బంగారు రుణం చూడండి. అది కూడా మామూలుగా రూపాయి వడ్డీకి అటూ ఇటూ దొరుకుతుంది, రెండు రూపాయలకు చాలా దిగువే.

సగం భోగ్యం, సగం బాడుగ అని కూడా కొందరు చెబుతారు. 2 లక్షలు తీసుకుని బాడుగ 5,000 చేసుకోండి అంటారు. మెత్తగా వినిపిస్తుంది. లెక్కేస్తే 2 లక్షలకు నెలకు 4,000 వదులుకుంటున్నారు, అది సరిగ్గా రెండు రూపాయల వడ్డీ. పూర్తి భోగ్యం కన్నా ఖరీదు.

పెన్నా గట్టు

పైన చెప్పిన లెక్క సరైనదే. అయితే అవతలి వైపు లెక్క కూడా చూడాలి, అప్పుడే ఆ దంపతులు ఎందుకు భోగ్యమే అడుగుతున్నారో అర్థమవుతుంది. వాళ్లు ఆ 5 లక్షలను పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే, 2023 ఏప్రిల్‌లో చేసిన 8.2 శాతం ప్రకారం మూడు నెలలకోసారి 10,250 వస్తుంది. నెలకు 3,400 పైచిలుకు. బాడుగ మాత్రం 9,000. అంటే భోగ్యం వల్ల వాళ్లకు నెలకు దాదాపు 5,600 కలిసొస్తుంది. పింఛను మీద బతికేవాళ్లకు అది మందుల ఖర్చు, కూరగాయల ఖర్చు. వాళ్లది అత్యాశ కాదు. కానీ ఆ 5,600 కోసం అసలుకే ముప్పు తెచ్చుకుంటున్నామని వాళ్లకు తెలియకపోవచ్చు. పోస్టాఫీసు అసలు ఎగ్గొట్టదు, ఇంటి ఓనరుకు ఏ కష్టమైనా రావచ్చు.

అందుకే భోగ్యం తప్పని నేను అనను. మూడు రూపాయల వడ్డీ అప్పు మీద పడినవాళ్లకు, ఇంటి మీద ఇంకే బాకీ లేనివాళ్లకు అది ఊపిరి తిప్పుకునే దారే. మీ ఇంటి మీద బ్యాంకు బాకీ ఉంది. తేడా అంతా అక్కడే.

దస్తావేజు కడప

రెండో ప్రశ్నకు నేరుగా చెబుతున్నా. చెప్పి తీరాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

మీరు “కింది ఇంటి మీద లోను” అని రాశారు. బ్యాంకు తనఖా పెట్టుకున్నది స్థలాన్ని, దాని మీదున్న కట్టడాన్ని. ఆ తనఖా ఉండగా అదే స్థలంలో మీరు పైన కట్టినది కూడా దాని కిందికే వస్తుంది. పై ఇల్లు విడిగా మీ చేతిలో ఉందనుకోవద్దు. రేపు ఏ కారణంగానైనా కిస్తులు ఆగిపోతే బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద నోటీసు ఇచ్చి ఇల్లు స్వాధీనం చేసుకోగలదు. ఆ వరుసలో బ్యాంకు ముందు, భోగ్యందారు తర్వాత. వేలం డబ్బు ముందు బ్యాంకు బాకీకి పోతుంది, మిగిలితేనే వీళ్లకు. పైగా ఇల్లు ఖాళీ చేయాల్సింది ఆ పెద్దవాళ్లే. ఇంత ఉన్నప్పుడు “వాళ్లు అడగలేదు” అన్నది సరిపోదు. 5 లక్షలు ఇచ్చేవాళ్లకు ఈ ఒక్క విషయం తెలిస్తే నిర్ణయం మారుతుంది. నిర్ణయం మార్చగల విషయాన్ని దాచి డబ్బు తీసుకోవడం మోసమే అవుతుంది, అది రేపు కోర్టులో మీ మీద నిలబడుతుంది కూడా. ఇంకొకటి, హోం లోను పత్రాల్లో బ్యాంకు అనుమతి లేకుండా ఇల్లు ఇంకొకరికి తనఖాకు గానీ లీజుకు గానీ ఇవ్వకూడదని షరతు సాధారణంగా ఉంటుంది. మీ పత్రాలు తీసి చదవండి. భోగ్యమే చేయాలనుకుంటే బ్యాంకు నుంచి రాతపూర్వకంగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి.

ఇక వంద రూపాయల స్టాంపు సంగతి. డబ్బు తీసుకుని, ఇల్లు స్వాధీనం చేసి, వడ్డీకి బదులు ఇంటి అనుభవం ఇవ్వడాన్ని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం స్వాధీన తనఖా అంటుంది. మనం భోగ్యం అన్నా, లీజు అన్నా, అగ్రిమెంటు అని పేరు పెట్టినా కోర్టు చూసేది లోపల రాసిన షరతులనే. వంద రూపాయలు, అంతకు మించిన ఇలాంటి తనఖా రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది, దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. 1882లో పెట్టిన ఆ వంద రూపాయల హద్దు నేటికీ అంతే ఉంది. రిజిస్టరు చేయని కాగితంతో ఆ దంపతులకు ఇంటి మీద ఏ హక్కూ రాదు. మామూలు డబ్బు దావా వేసుకోవాలి, దానికి మూడేళ్ల కాలపరిమితి. అరవై దాటినవాళ్లను ఆ స్థితిలో పెట్టకండి.

బాడుగకు ఇచ్చినా 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే మాట మన రాష్ట్రంలో పనికిరాదు. రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం 1999లో చేసిన సవరణతో స్థిరాస్తి లీజులన్నీ, కాలంతో సంబంధం లేకుండా, రిజిస్టరు చేయాల్సిన వాటిలోకి వచ్చాయి. ఊరంతా 11 నెలల కాగితాలతోనే నడుస్తున్న మాట నిజమే. గొడవ వచ్చి కోర్టుకు వెళ్లినప్పుడు ఆ కాగితంలోని షరతులు పట్టుకుని వాదించడం కష్టమవుతుంది.

భోగ్యమే ఖాయమైతే దస్తావేజులో కొన్ని మాటలు తప్పనిసరిగా ఉండాలి. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే, ట్రాన్స్‌ఫర్ నంబరుతో సహా రాయండి. 20,000 లేదా అంతకు మించిన అప్పు గానీ డిపాజిట్టు గానీ నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు, తిరిగి ఇచ్చేటప్పుడూ అదే నియమం. దస్తావేజులో భార్యాభర్తలిద్దరి పేర్లూ పెట్టండి, ఇద్దరిలో ఎవరున్నా వారికి డబ్బు చెల్లించవచ్చని రాయండి. లేకపోతే ఒకరు పోయాక, మిగిలినవారు వారసత్వ సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, అది అయ్యేదాకా మీరూ ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేరు. తిరిగి బాడుగకు ఇవ్వకూడదని రాయకపోతే భోగ్యందారు ఇంకొకరిని దింపవచ్చు. గడువు తేదీ, దానికి మూడు నెలల ముందు నోటీసు, గడువు దాటితే బాకీ మీద వడ్డీ ఎంత, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. స్టాంపు డ్యూటీ ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని కాలిక్యులేటర్‌లో ముందే చూసుకుని, ఎవరు కట్టాలో మాట్లాడుకోండి.

చివరి మెట్టు దగ్గర అందరూ తప్పు చేస్తారు. డబ్బు తిరిగి ఇచ్చేసి, తాళాలు తీసుకుని వచ్చేస్తారు. తనఖా విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకోరు. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోతే ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు) ఆ తనఖా అలాగే కనిపిస్తుంది. అప్పటికి ఆ దంపతులు ఎక్కడున్నారో తెలియదు. కాబట్టి డబ్బు, తాళాలు, విడుదల దస్తావేజు మూడూ ఒకే రోజు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోనే జరగాలి.

ఆ దంపతులకూ ఒక మాట చెప్పండి. ఎవరి దగ్గర భోగ్యానికి తీసుకున్నా ఈసీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. అసలు దస్తావేజు కళ్లతో చూడాలి. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోను రిజిస్టరు కాకపోతే ఈసీలో కనిపించదు. జిరాక్సు మాత్రమే చూపిస్తే అసలు ఎక్కడుందని అడగాలి. బ్యాంకు తనఖాలు సెర్‌సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదవుతాయి, కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు.

మీటరు బోర్డు

కరెంటు విషయం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెబుతా. 9 రూపాయలు తీసుకోవడం న్యాయం కాదు, ఒక్క మీటరు మీద మూడు కుటుంబాలను నడపడం మీకే నష్టం.

మన ఎస్‌పీడీసీఎల్ గృహ శ్లాబులు 2022లో మారినవి ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. మూడు ఇళ్లూ తలా 110 యూనిట్లు వాడాయనుకోండి. ఒకే మీటరు మీద 330 యూనిట్లు, ఎనర్జీ చార్జీ 1,935.75. అవే మూడు మీటర్లయితే ఒక్కొక్కరికి 349.50, మొత్తం 1,048.50. నెలకు 887 రూపాయలు ఎవరూ వాడని కరెంటుకు పోతున్నట్టు. ఫిక్స్‌డ్ చార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం ఇవి కాక.

ఒకే మీటరున్నా 330 యూనిట్లకు 1,936 అంటే సగటున యూనిట్‌కు 5.87. మీరు తీసుకుంటున్నది 9. చిన్న పోర్షన్ వాళ్లు 110 యూనిట్లు కాలిస్తే 990 కడుతున్నారు, విడి మీటరుంటే ఎనర్జీ చార్జీ 350 వచ్చేది. ఎప్పుడో వాళ్ల బంధువుల ఇంటి బిల్లు పక్కన పెట్టి చూస్తారు.

కాబట్టి పై ఇంటికీ, వెనక పోర్షన్‌కూ విడి సర్వీసులకు దరఖాస్తు పెట్టండి. వంటిల్లు, దారి విడిగా ఉన్న ఇళ్లు కాబట్టి అడగొచ్చు. గుర్తింపు కార్డు, ఇంటి పన్ను రసీదు లేదా దస్తావేజు కాపీ తీసుకుని వెళ్లండి, లోడుకు తగ్గట్టు డెవలప్‌మెంట్ చార్జీలు కట్టించుకుంటారు. మీటరు బోర్డు మెట్ల కింద వాన తగలని చోట, రీడింగ్ తీసేవాళ్లకు గేటు తాళంతో పని లేకుండా కనిపించేలా పెట్టించండి. ఒక్కో ఇంటికి విడి ఎంసీబీ, విడి న్యూట్రల్ లాగించండి. న్యూట్రల్ కలిసిపోతే ఒక ఇంటివాళ్ల వాడకం ఇంకో ఇంటి మీటరులో తిరుగుతుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టినచోట అది ఊరికే పడిపోతుంటుంది.

విడి మీటర్లు వచ్చేదాకా నెల బిల్లు మొత్తాన్ని మొత్తం యూనిట్లతో భాగించి, ఆ రేటుతో సబ్ మీటరు రీడింగుకు తీసుకోండి. బిల్లు ఫొటో వాట్సాప్‌లో పెట్టండి. ఇన్నాళ్లూ ఎక్కువ తీసుకున్నది ఉంటే రాబోయే నెలల్లో తగ్గించి సరిచేయండి. బోరు మోటారు ఎవరి మీటరు మీద నడుస్తుందో కూడా తేల్చుకోవాలి. ఒక హెచ్‌పీ మోటారు రోజుకు గంట నడిస్తే నెలకు దాదాపు 30 యూనిట్లు. అది మీ మీటరు మీదుంటే నెలకు ఇంత అని నీళ్ల చార్జీ పెట్టుకోండి, దాన్ని యూనిట్ రేటులో దాచిపెట్టొద్దు.

నార్పల రోడ్డు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న బ్యాంకుకు వెళ్లి అడిగాను. ప్లాన్ అనుమతి కాగితం, జీతం స్లిప్పులు, ఇంటి పన్ను రసీదు తెమ్మన్నారు, టాపప్‌కు దరఖాస్తు తీసుకుంటామన్నారు. ఆ దంపతులకూ లోను సంగతి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన, ఇల్లు నచ్చింది, భోగ్యం వద్దులే, బాడుగ చెప్పు నాయనా అన్నారు. వాళ్లకు ఎంత చెప్తే న్యాయంగా ఉంటుంది? అడ్వాన్సు ఎంత? వెనక పోర్షన్ వాళ్లకు వచ్చే బిల్లు నుంచే సరైన రేటు మొదలుపెడతా.

కర్నూలు లెక్కలు

అన్నా, 8,500 చెప్పండి, మూడేళ్లు పెంచనని కూడా చెప్పండి. దానం చేస్తున్నట్టు కాదు. మామూలు బాడుగదారులు మారుతూ ఏడాదికి ఒక నెల ఖాళీ పోతే 9,000 నష్టం, నెలకు 750 పడుతుంది. 9,000లోంచి 750 తీస్తే 8,250. మూడేళ్లు కదలని మనుషులు 8,500 ఇస్తే మీకు 250 ఎక్కువే. మీ కిస్తు కూడా దానికి సరిపోతుంది. వాళ్ల డబ్బు పోస్టాఫీసులో ఉంటుంది.

అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించొద్దు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు పెట్టిన హద్దు అదే. బ్యాంకు ద్వారానే తీసుకోండి.

బండపని

ఇల్లు అప్పజెప్పే ముందు చూసుకోవాల్సినవి కొన్ని చెబుతాను, ముఖ్యంగా వచ్చేది పెద్దవాళ్లు కాబట్టి.

మెట్లు ముందు. ఒక్కో మెట్టు ఎత్తు ఏడు అంగుళాలు దాటకూడదు, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్లలో మొదటి మెట్టో చివరి మెట్టో ఒక అంగుళం తేడా వస్తుంది, తర్వాత బండలు పరచడం వల్ల. కాలు అలవాటుగా పడి అక్కడే తడబడుతుంది. టేపు పెట్టి కొలవండి. మెట్లకు పాలిష్ బండ వేసి ఉంటే అంచు దగ్గర రెండు మూడు గాడులు కొట్టించండి, వానలో జారదు. మూడడుగుల ఎత్తున గట్టి రెయిలింగు కింది మెట్టు నుంచే మొదలుకావాలి.

తర్వాత ఎండ. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. మిద్దె మీది ఇంటికి పైన నేరుగా స్లాబే. సాయంత్రం ఏడైనా పైకప్పు వేడి కక్కుతూనే ఉంటుంది, ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. స్లాబు శుభ్రంగా కడిగి, పగుళ్లు వీ ఆకారంలో చెక్కి పాలిమర్ మోర్టారుతో నింపి, తెల్లటి వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు చేతులు (రెండు పూతలు) వేయించండి. మొదటి చేయి నిలువుగా, అది పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా. ఎండ తగ్గాక సాయంత్రం వేయాలి, మధ్యాహ్నం వేడి స్లాబు మీద వేస్తే పట్టకుండా పొరలుగా లేచిపోతుంది. కారడం ఆగుతుంది, వేడీ తగ్గుతుంది. వేసే ముందు కిందికి వానగొట్టం వైపు వాలు ఉందో లేదో నీళ్లు పోసి చూడండి. నీళ్లు నిలిచేచోట ఏ కోటింగూ ఎక్కువ కాలం నిలవదు. ప్లాస్టిక్ ట్యాంకుకు కూడా చిన్న నీడ వేయండి, లేకపోతే మే నెలలో మధ్యాహ్నం కొళాయి తిప్పితే చేయి కాలుతుంది.

అడ్వాన్సులో కోతల గురించి. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ రంగులకని పట్టుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ నమూనా చట్టం గోడల రంగులు, కిటికీ తలుపుల రంగులు, పైపులు, లోపలి వైరింగు, కట్టడం మరమ్మతులు ఓనరు వంతు పెట్టింది. కొళాయి వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, గీజరు రిపేరు, తాళాలు, పగిలిన అద్దాలు బాడుగదారు వంతు. నమూనా చట్టం రాష్ట్రాలకు దారి చూపడానికి పెట్టింది, నేరుగా కోర్టులో చెల్లదు. కానీ ఆ పంపకం మాత్రం న్యాయమైనది, మీ కాగితంలో అలాగే రాసుకోండి. అందులో లేని బోరు మోటారు కాలిపోవడం మీ వంతుగా పెట్టుకోండి, అది మూడిళ్లకూ ఉమ్మడిది.

నేల కడప బండలైతే ఒక విషయం వాళ్లకు ముందే చెప్పాలి. అది సున్నపురాయి. బాత్రూము యాసిడ్ పడిందంటే పాలిష్ తినేసి తెల్లటి మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ మెషిను పెట్టాల్సిందే. నిమ్మరసం నిలిచినా గుర్తు పడుతుంది. సబ్బునీళ్లు చాలు. ఇది చెప్పకుండా మూడేళ్ల తర్వాత మచ్చ చూపించి డబ్బు పట్టుకోవడం అన్యాయం. కుర్చీ కాళ్ల గీతలు, నడిచినచోట మెరుపు తగ్గడం వాడకంలో వచ్చేవే, వాటికి కోయకూడదు. బండ పగిలితే ఆ ఒక్క బండ ఖరీదు, కూలీ మాత్రమే.

తాళాలిచ్చే రోజు ఇద్దరూ కలిసి ఫోన్లో వీడియో తీయండి. ప్రతి గదిలో నాలుగు మూలలు, పైకప్పు, బాత్రూము నేల, సింకు కింద, మీటరు రీడింగు. ఫ్యాన్లు ఎన్ని, తాళం చెవులు ఎన్ని, గీజరు ఏ కంపెనీది అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేసి తలా ఒకటి పెట్టుకోండి.

దస్తావేజు కడప

బాడుగ దస్తావేజు రిజిస్ట్రేషన్‌కు వెళ్లేటప్పుడు ఆ మరమ్మతుల పంపకాన్ని అనుబంధంగా జతచేయండి, వీడియో తీసిన తేదీ కూడా అందులో రాయండి. ఖాళీ చేయడానికి ఇరువైపులా రెండు నెలల నోటీసు పెట్టండి. ఏమీ రాసుకోకపోతే నెలవారీ బాడుగకు ఆస్తి బదలాయింపు చట్టం ఇచ్చేది 15 రోజులే, ఆ వయసులో 15 రోజుల్లో ఇల్లు వెతుక్కోలేరు. టాపప్ మంజూరయ్యాక బయటి అప్పు తీర్చేటప్పుడు డబ్బు బ్యాంకు ద్వారా పంపి, మీరు రాసిచ్చిన అసలు నోటును “చెల్లు” అని రాయించి సంతకంతో వెనక్కి తీసుకోండి. నోటు వాళ్ల దగ్గరే వదిలేసి రావద్దు.

నార్పల రోడ్డు

నోటు సంగతి మంచి సమయానికి చెప్పారు సార్. మెట్లు ఇప్పుడే కొలిచాను. పై నుంచి రెండోది ఎనిమిదింపావు అంగుళాలు ఉంది, మిగతావన్నీ ఏడు. రేపు మేస్త్రీని పిలుస్తున్నా.